6147 నంబరు దారి

దారి అనడానికి అక్కడేమీ లేదు.
రెండు చాళ్లు, నడుమ మోకాలెత్తు గడ్డి.
ఎవరో ఒకసారి కంచె బాగుచేసుకోవడానికి వెళ్లారు,
జింకల వేటకి ఇంకెవరో ఆ చాళ్లలోనే వెళ్లారు,
నలభై ఏళ్లు పోయాక ప్రభుత్వం దానికో నంబరిచ్చింది.

ఆ చాళ్ల లోతు కొలవడం నా ఉద్యోగం.
డకోటా పడమటి మట్టి తడిస్తే రేగడి, ఆరితే ఇటుక.
ఒక్క బండి, ఒక్క వాన రోజు:
పదకొండు అంగుళాలు.
అది పూడ్చుకోవడానికి
గడ్డికి నా సర్వీసంతా చాలదు.

మార్చిలో బడి జిమ్‌లో మీటింగు పెట్టాం.
బాస్కెట్‌బాల్ వల కింద ప్రొజెక్టరు,
మడత కుర్చీలు, పల్చటి కాఫీ.
గీత ఉన్నది దారి, గీత లేనిది గడ్డి, అని
మ్యాపు మీద కర్ర పెట్టి చెప్పాను.
నాలుగు చక్రాల బైకుల కుర్రాళ్లు
వెనక వరసలో కూర్చుని హెల్మెట్లు ఒళ్లో పెట్టుకుని
ఒక్కో గీత చెరిగినప్పుడల్లా నిట్టూర్చారు.
మేత లీజున్న గ్రెటా ష్నైడ్‌మిల్లర్ లేచింది:
"మా ఆవులకు గేటంటే తెలుసు,
తెలియందల్లా మీ టూరిస్టులకే."
జనం నవ్వు ఇంకా ఆగకముందే
రిజర్వేషన్ నుంచి వచ్చిన డెల్‌ఫీన్ అడిగింది:
"మా అమ్మమ్మ టింప్సిలా దుంపలు తవ్విన గుట్ట
మీ మ్యాపులో ఏ రంగు?"
ఆకుపచ్చ, అన్నాను.
"అంతా ఆకుపచ్చే కదా," అని కూర్చుంది.

మెర్ల్ టోర్గెర్సన్ లేవలేదు. లేవలేడు.
కూర్చునే చెయ్యెత్తాడు, బడిపిల్లాడిలా.
"కోళ్లు ఆడే గుట్టదాకా
నా బండే నా కాళ్లు," అన్నాడు.
అంతే. ఇంకేమీ అడగలేదు.
నేను నోట్సులో "వ్యాఖ్య: ఒకటి" అని రాసుకున్నాను.

ఏప్రిల్లో ఒక తెల్లవారుజామున
ఆయన పికప్‌లో పక్క సీట్లో నేను.
లైట్లార్పేసి, ఇంజనాపేసి,
అద్దం నాలుగు వేళ్లు దించి.
ముందు చప్పుడొచ్చింది,
ఎండు తోలు మీద వేళ్లు కొట్టినట్టు.
తర్వాత వెలుతురు. తర్వాత పక్షులు.
మొనతోక కోళ్లు, ఇరవై రెండు పుంజులు,
రెక్కలు చాచి, తల వంచి,
గజ్జెలు లేని చిందు.
ఒకటి మా ముందు చక్రం దాకా వచ్చి
చక్రాన్ని చూసి మరీ గిరికీ కొట్టింది.
దానికి బండి అంటే భయం లేదు.
బండి ఓ పెద్ద రాయి, అంతే.

థర్మాస్ అందుకోబోయి నేను తలుపు తీశాను.
ఒక్క కాలు నేల మీద పెట్టాను.
గుట్ట మొత్తం లేచిపోయింది.

మెర్ల్ నన్నేమీ అనలేదు.
నా చేతిలో ఫారం ఉంది:
వాహనం వల్ల భంగం, మనిషి వల్ల భంగం, రెండు గళ్లు.
చాలాసేపు పెన్ను మూత తీయలేదు.

కానీ చాళ్లు చాళ్లే.
ఆయన వెనక ఆయనంత ఓపిక లేని
ముప్పై బండ్లు వస్తాయి,
వాన రోజునే వస్తాయి.
జూన్‌లో గుట్టకి మూడు వందల గజాల ఇవతల
స్తంభం పాతాను, నా చేత్తోనే,
మట్టి ఇటుకైన రోజున, గడ్డపార వంగేలా.

ఈ ఏప్రిల్లో మళ్లీ తెల్లారకముందే
స్తంభం దగ్గర ఆయన బండి కనబడింది.
లైట్లార్పేసి, ఇంజనాపేసి ఉంది.
అక్కణ్ణించి గుట్ట కనబడదు,
మధ్యలో మిట్ట అడ్డం.
నడిచి వెళ్లి అద్దం దగ్గర నిలబడ్డాను,
ఏదో చెప్పుకుందామని.
ఆయన వేలు పెదాల మీద పెట్టుకుని
మిట్ట వైపు చెవి తిప్పాడు.

నాకు గాలే వినబడింది.
ఆయన మాత్రం
ఒకటి, రెండు, అని
వేళ్లు మడుస్తున్నాడు.