అర చుట్టు వదులు

డలూత్‌లో జనవరి. సున్నాకి ఇరవై ఏడు డిగ్రీలు కింద.
సరస్సు రాత్రంతా పళ్ళు కొరుకుతూనే ఉంది.
నేలమాళిగలో బాయిలర్ నెత్తిన
బొటనవేలంత ఇత్తడి బుడ్డి.
గాలిని పోనిచ్చి నీళ్ళని ఆపడం దాని ఉద్యోగం.
ఇప్పుడు తిరగబడింది:
నీళ్ళని వదిలేసి గాలిని దాచుకుంటోంది.

కింద కాఫీ డబ్బా పెట్టాను.
టప్.
మెట్లెక్కి వంటింట్లోకి వచ్చేలోగా ఇంకో టప్.
మూడో రోజుకి డబ్బా నిండింది,
నాలుగో రోజుకి నా ఓపిక.
తమ్ముడు టౌనోకి ఫోన్ చేశాను.
నాలుగు వీధుల అవతలే ఉంటాడు,
ఈ ఇంటికి మాత్రం పిలిస్తేనే వస్తాడు.

వాడు టార్చి పట్టుకున్నాడు. నేను ముక్కాలి పీట ఎక్కాను.
బుడ్డి మెడ చుట్టూ చిలుము, సున్నపు పెచ్చు,
నెత్తిమీద చిట్టి మూత,
మూత అంచున పటకారు పళ్ళ గాట్లు.
"నాన్న," అన్నాడు టౌనో. అంతే.

నాన్నే. ఖనిజం ఓడల రేవులో
ముప్పై ఒక్కేళ్ళు నట్లు బిగించిన చెయ్యి.
కారేదేదైనా సరే బిగించాల్సిందే ఆయన లెక్కలో,
కుళాయైనా, జేబైనా, కన్నైనా.

బాయిలర్ ఆపి, వాల్వు కట్టేసి,
ఒత్తిడి దించి, బుడ్డిని ఊడదీశాం.
ఇల్లు చల్లబడకముందే రావాలని
దాన్ని చేతిరుమాల్లో చుట్టుకుని కొట్టుకి పరిగెత్తాం.
సోల్వెగ్ కళ్ళజోడు పైకి తోసి తిప్పి చూసింది.
"ఎవరు బిగించారు ఈ మూత?
ఇది అర చుట్టు వదులుగా ఉండాలి,
ఊపిరి పోయే దారి ఇదే.
మూసేస్తే గాలంతా పైకెక్కి కూర్చుంటుంది.
ఇంట్లో అన్నిటికంటే పై గది ఏదో,
అది ఎప్పటికీ వేడెక్కదు."
చిల్లర లెక్కపెడుతూ అందీ మాట,
ఏదో టేపు ధర చెప్పినట్టు.

నేను టౌనో వైపు చూడలేదు.
వాడు బ్యాటరీల అర వైపు చూస్తున్నాడు.

పై గది వాడిది.
ఉన్ని టోపీతో పడుకునేవాడు.
మంచం పక్క గ్లాసులో నీళ్ళు తెల్లారేసరికి బిళ్ళకట్టేవి.
పళ్ళతో చిడతలు వాయిస్తూ వాడు మెట్లు దిగితే
"చలి ఇంట్లో లేదురా, నీ ఒంట్లో ఉంది" అనేవాడు నాన్న.
నేను నవ్వేదాన్ని.
నా గది సరిగ్గా బాయిలర్ మీద.
నాకు దుప్పటే బరువు.

కొత్త బుడ్డి మరకి తెల్ల టేపు మూడు చుట్లు.
చేత్తో తిప్పి, రెంచితో కాస్త,
ఇంకాస్త అనబోయి ఆగాను.
నీళ్ళు వదిలాం. ముల్లు పన్నెండు దగ్గర నిలిచింది.
మూత మాత్రం టౌనోయే పెట్టాడు.
బిగించి, మళ్ళీ అర చుట్టు వెనక్కి తిప్పి
చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

పై గది రేడియేటర్ పక్కన మర
ఏడు పొరల రంగు కింద పూడుకుపోయి ఉంది.
వెన్న కత్తితో గీకాను.
తాళంచెవి తిరగ్గానే
బుస్సుమంటూ గాలి.
ఎంతసేపో చెప్పలేను. మధ్యలో నేను చెయ్యి మార్చుకున్నాను.
పాత ఇనుము వాసన, తడి సున్నం వాసన.
చివరికి తుప్పు రంగు నీళ్ళు తుపుక్కున
నా చొక్కా చేతి మీద పడ్డాయి.

కింది వరస ముందు వెచ్చబడింది, తర్వాత నడుము.
టౌనో అరచెయ్యి ఆనించి ఉంచాడు,
కాలేదాకా తియ్యలేదు.
ఏదైనా అంటాడని చూశాను.
నేనూ ఏదైనా అనాల్సింది.
"కాఫీ ఉందా?" అన్నాడు.

కాఫీ పెట్టి పైకి తెచ్చేసరికి
కోటు విప్పేశాడు, స్వెటరూ విప్పేశాడు,
నుదుట చెమట.
అద్దం మీద మంచు పెచ్చులు గోటితో రాల్చి
కిటికీ రెక్క బెత్తెడు పైకెత్తాడు.

ఆ గదిలో జనవరి నెలలో కిటికీ తెరిచిన మనిషిని
నేను చూడటం అదే మొదలు.
"ఉక్కగా ఉందే అక్కా," అన్నాడు.
ఇంకొంచెం ఎత్తాడు.