గార

పొద్దన్నే ఐదుకు షట్టర్ ఎత్తి
మొదట చూసేది నీళ్లను కాదు,
రెండు ముళ్లను.
ఇసుక డ్రమ్ముకు ముందొక మీటరు, వెనకొకటి.
రెండు ముళ్లూ దగ్గరగా నిలబడితే
నీళ్లకు ఊపిరాడుతున్నట్టు.
ఎడం పెరిగితే
లోపల ఎవరో గొంతు పట్టుకున్నట్టు.

అప్పుడు వాల్వు తిప్పి నీళ్లను ఎదురు నడిపిస్తాను.
అడుగు నుంచి కుతకుతమని లేచిన ఇసుక
నిన్న మింగిన బురదంతా కక్కుతుంది.
గాజు గొట్టంలో మొదట ఎర్రమన్ను, తర్వాత టీ రంగు,
ఆఖరుకు మజ్జిగ తేట.
పది నిమిషాలు.
బిందెల వరుసలోంచి ఓబుళమ్మ అరుస్తుంది:
"ఏం మే దస్తగిరమ్మా,
మాకు తాగను లేవు గానీ
నీళ్లకే నీళ్లు పోస్తాండావా?"

అవునక్కా.
పోయకుండా లోపలికి పంపితే ఏమైందో
నువ్వూ చూసినావు.

పోయినేడు ఈ తాళంచెవి పుల్లన్న మొలతాడుకు ఉండేది.
ఇసుక మార్చడం దండగన్నాడు.
గార కట్టకుండా బొట్టుబొట్టుగా పడాల్సిన మందు
అయిపోతే మళ్లీ తేలేదు,
ఆ క్యాన్‌లో డీజిల్ పోసుకున్నాడు.
మూడేళ్లు రావాల్సిన మెంబ్రేన్
ఏడో నెలకే బిగుసుకుపోయింది.
దాన్ని హాక్సాతో కోసి
వసారాలో చాప పరిచినట్టు విప్పినాను.
పొర, పొర, పొర.
ప్రతి పొర మీదా వేలికంటే జిగట,
జిగట మీద తెల్లగా గార.
నాలుకకు తగిలించి చూసినా.
ఉప్పు కాదు,
మా నాపరాయి గని దుమ్ము.

ఎర్రగుంట్ల దావలో ఆ గనిలోనే
మా నాయన రాయి చీల్చేవాడు.
ఒక్కో పలక విడదీస్తే లోపల అలలుండేవి,
చల్లగా, గట్టిగా,
ఒడ్డు చేరకుండా నిలబడిపోయినవి.
"ఇదంతా సముద్రమంట మే ఒకప్పుడు,
సర్వే సారు చెప్పినాడు."
సముద్రం చూడకుండానే పోయినాడు నాయన.
ఆరునూర్ల అడుగుల బోరు తోడేది
దాని ఎంగిలేనని నా లెక్క.
పాత మిద్దెకు మెత్తింది గార,
టీ గిన్నె అడుగున కట్టింది గార,
ఓబుళమ్మ నవ్వినప్పుడు కనపడేదీ గారే.
మా ఊర్లో ఇంకో మాట లేదు దానికి.

ఇసుక దాటి, బొగ్గు దాటి
దూది చుట్టలాంటి ఫిల్టర్ కాడికి వస్తే
జేజినాయన గుర్తొస్తాడు.
మేము దూదేకులోళ్లం.
భుజాన వింటితో పల్లెపల్లె తిరిగి
పరుపుల దూది ఏకేవాడు.
నారి మోత ఆపినాక కూడా చెవుల్లో ఆడేది.
"గింజ ఒకటి మిగిలినా చాలు,
పండుకున్నోని వీపు చెప్తాది" అనేవాడు.
వింటిని మేము అటక మీద పెట్టినాం.
పని మాత్రం దిగి నా చేతికొచ్చింది.

కొత్త మెంబ్రేన్ వచ్చిన రోజు
దానికి పసుపు పూసి కుంకుమ పెట్టి
సర్పంచి పక్కన నిలబడి ఫోటో దిగినాడు.
ఇసుక డ్రమ్మును ఎవరూ చూడలేదు.
అందరూ పోయినాక
దాని కాలి కాడ ఒక ఊదుబత్తి గుచ్చినాను.

ఈ పొద్దు కరెంటు పోతాదని బెదిరి
ఏడు నిమిషాలకే వాల్వు తిప్పబోయినా.
ఓబుళమ్మ బిందె బోర్లించి దాని మీద కూర్చోని,
గాజు గొట్టం వైపు గడ్డం ఎత్తింది:
"ఇంకా టీ రంగే ఉండాది.
కానీ మే."