పాలపన్నుకు సిమెంటు

చీమకుర్తి. క్వారీలో మధ్యాహ్నపు పేలుడు.
అద్దం జిల్లుమనగానే
ఏడేళ్ల కెజియా నా గ్లోవ్ కొరికింది.

కింది దవడపన్ను. పుచ్చు తవ్వితే
అడుగున ఎర్రటి చుక్క.
దూది అదిమి లెక్కపెడుతున్నాను.
నెత్తురు ఆగితే వేరులో ప్రాణమున్నట్టే.

ట్రేలో రెండు మందులు.
పాత సీసా: మూత తీస్తే ముక్కు మండుతుంది,
నరాన్ని మాడ్చి ఊరుకోబెడుతుంది, చవక.
కొత్త పొట్లం: తడి తగిలితే బిగిసే తెల్లపొడి.
ధర చెబితే ఏసోబు ఈలేశాడు.

"సిమెంటేగా మేడమ్ ఇది?"
దాని చుట్టమే, అన్నాను.
"నాలుగేళ్లకి ఊడే పన్నుకా?"

నాకు జవాబు దొరికేలోపే
గోళ్లలో నల్లరాతి పొడితో
పిల్ల గడ్డం పైకెత్తి
లోపలికి చాలాసేపు చూశాడు.

"నాలుగేళ్లూ జొన్నరొట్టె నమలొద్దా.
కలపండి.
నీళ్లు మాత్రం ఎక్కువ పోయకండి,
పట్టు రాదు."