తలకో ముడి

మా ఇంట్లో ఒక కొబ్బరిపీచు తాడుంది.
దూలానికి, చిరిగిన వలల వెనక,
ఎవరూ దేనికీ వాడని తాడు.
ఒకసారి దాంతో మేకని కట్టబోతే
మా నాయనమ్మ పోలమ్మ కర్ర పుచ్చుకుని వచ్చింది.

గోపాలపురం రేవులో స్టీమరు ఒడ్డుకి రాదు.
లోతు చాలదు. మైలు దూరాన నిలబడి పొగ ఊదేది.
అలలు దాటించేవాళ్లం మేం.
మేకు లేని పడవ మాది,
పలకకి పలకని పీచుతో కుట్టిన పడవ.
అల కొడితే విరగదు, వంగుతుంది,
కుట్ల సందుల్లోంచి నీళ్లు తాగుతూనే నడుస్తుంది.
ముందు బస్తాలెక్కేవి.
తరవాత మనుషులు.

కొండల్నించి దిగినవాళ్లు. గుణుపురం అవతలి సవరలు,
ఘుముసర కోదులు, పల్లపు ఊళ్ల మాలలు, పైడివాళ్లు.
మేస్త్రీ ఇచ్చిన పన్నెండు రూపాయల బయానా
అప్పటికే ఎవరి పెళ్లికో, ఎవరి చావుకో అయిపోయి,
బొటనవేలి మీద సిరా మాత్రం ఆరనివాళ్లు.
రంగం పోతున్నాం అనేవారట,
తీర్థానికి పోతున్నట్టు కొందరు.
సముద్రాన్ని చూడ్డం అదే మొదలు.
ఒకడు అడిగాడట: ఈ ఏటికి అవతలి గట్టేదీ?

బానిసత్వం అప్పటికెప్పుడో పోయిందట.
ఛత్రపురం కచేరీకి కాగితం వచ్చి, బీరువాలో
చెదలకి భోజనమై కూడా చాలా ఏళ్లట.
స్టీమరుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

తలకి అణా, మా ముత్తాత సూరాడ గురన్నకి.
రాత రాదు. తాడుకి తలకో ముడి.
చంటిబిడ్డకి అరముడి,
బిడ్డకి అర్ధణాయే అన్నాడు మేస్త్రీ.

నేను లెక్కపెట్టాను. రెండువందల పద్నాలుగు.
అరముడులు ముప్పై ఒకటి.
తాడు చివర తెగి ఉంది, ఇంకెంత ఉండేదో.

ఒకచోట మాత్రం ముడి లేదు.
ముడి ఉండిన జాడ ఉంది.
పీచు అక్కడ మెలి తిరిగి, మోకాలు మడిచినట్టు.

నాయనమ్మ చెప్పేది:
"స్టీమరు నిచ్చెన అందిత్తే ఒక ఆడగుంట
పడవ కుట్లలో ఏళ్లు దూర్చీసింది. రానని అనలేదు,
ఏటీ అనలేదు. ఏళ్లు తియ్యలేదంతే.
తెడ్డుతో కొట్టమన్నాడు మేస్త్రీ.
మీ ముత్తాత తెడ్డెత్తాడు.
ఎత్తి, నీళ్లలో ఏసాడు. పడవ తిరిగిపోనాది."

ఒడ్డున దిగి ఆ పిల్ల వెనక్కి చూడలేదట.
పేరు చెప్పలేదు. దండం పెట్టలేదు.
తడి చీరతో పడమటికి, కొండలవైపు నడిచిపోయింది.
ఆమె బయానా గురన్న మీద పడింది.
నాలుగేళ్లు జీతం లేకుండా తెడ్డేశాడు,
అదే మేస్త్రీకి, అదే పడవలో,
మిగతావాళ్లని దాటిస్తూ.

"దేముడ్ని సెయ్యకు ఆడ్ని," అనేది నాయనమ్మ.
"ఒక్క ముడి ఇప్పేడు. మిగతాయి సూడు."

తరవాత పటం మీద గీత గీశారు.
మేం ఒరియా వైపు మిగిలాం.
బళ్లో నా పేరు నోళియా.
మంచినీళ్ల కుండ ముట్టనిచ్చేవారు కారు,
చేతులకి చేపవాసనట.
నిలబడి పైనుంచి పోసేది ఆయా.
దోసిట్లో సగం, గౌను మీద సగం.

మొన్న శుక్రవారం బరంపురం స్టేషన్లో
సూరత్ బండికోసం కుర్రాళ్లు వరసగా కూచున్నారు.
మగ్గాలకి. బయానాలు ఇళ్లల్లో ఖర్చయిపోయాయి.
సెల్‌ఫోన్ పట్టుకున్న ఒకడు
చూపుడువేలితో తలలు లెక్కపెడుతున్నాడు,
పెదాలు కదుపుతూ.
వాళ్లలో మా చెల్లెలి కొడుకు ఎల్లాజీ ఉన్నాడు.
నన్ను చూసి నవ్వాడు.
లెక్క తప్పింది కాబోలు, ఆ మనిషి
మళ్లీ మొదట్నించి మొదలుపెట్టాడు.

నా దగ్గర చేపల గంప.
గంపకి కట్టిన తాడు కొసతో
నా వేళ్లు ఏం చేస్తున్నాయో,
ఎల్లాజీ తల దగ్గరికి ఆ వేలు వచ్చేదాకా
నేను చూసుకోలేదు.