లింకు తీసేసిన రాత్రి

మైత్రీవనం వెనక, మూడో అంతస్తు ల్యాబులో
ఏసీ నీళ్లు బకెట్‌లోకి బొట్లుబొట్లుగా రాలుతున్న రాత్రి
కొత్త కెర్నల్ దింపాను.
దీని హెడర్లే కదా తాజావి అని
యూజర్ ఇంక్లూడ్ గడప నుంచి
కొత్త సోర్స్ దాకా ఒక లింకు లాగాను,
కరెంటు తీగకి కొక్కెం తగిలించినట్టు.

కంపైలర్ కిమ్మనలేదు.
అదే నన్ను ముంచింది.
నడిపి చూద్దును కదా,
గోడలు నాలుగు బైట్లు పక్కకి జరిగిన ఇంట్లో
పేరడిగితే వయసు చెప్పింది ప్రోగ్రాం.
రెండోసారి అడిగితే కుప్పకూలింది.

మన్నాన్ సార్ తెర వైపు చూడనైనా లేదు.
"పద వకుళా, చాయ్ తాగొద్దాం" అన్నారు.

హోటల్లో బల్ల అద్దం కింద పాత మెనూ కార్డు.
సర్వర్ ఎల్లేశం వంటింటి కిటికీలోకి ఒకటే కేక:
"సాత్ నంబర్, దో పౌనా!"

"లోపల మాస్టర్ మారి పదిరోజులు.
గిన్నెలు మారినయ్, డబ్బాల మీద పేర్లు మారినయ్.
నీకేమన్న తెలిసిందా?"
తెలీలేదు.
"నువ్వు మాట్లాడేది ఎల్లేశంతోని.
ఏ కార్డు బట్టీపట్టి అతను ఈ పనిల చేరిండో
నీ చేతిల ఆ కార్డే ఉండాలె.
మాస్టర్ ఈ పొద్దున గోడ మీద బొగ్గుతో గీసుకున్న లెక్క
దొంగచాటుగ చదివొచ్చి ఆర్డరిస్తే
నీ మూడు వేరు, అతని మూడు వేరు."

"మరి ఆ గోడ రాత ఎవరి కోసం సార్?"
"పొయ్యి కాడ నిలబడేటోళ్లకి.
రేపు నువ్వు మాడ్యూల్ రాస్తే అదే చదువు.
అప్పుడు గూడ, ఏ పొయ్యి మండుతుందో ఆ పొయ్యి గోడే."

సీ లైబ్రరీ అన్న మాట ఆయన నోట ఒక్కసారీ రాలేదు.
సాసర్లో చాయ్ ఊదుకుంటూ చూస్తున్నాను:
ఎవరో కుర్రాడు కిటికీలో తల దూర్చి
నేరుగా మాస్టర్నే ఏదో అడగబోతే
ఎల్లేశం వాడి భుజం పట్టి, నవ్వుతూనే,
బల్ల దగ్గరికి నడిపించుకొచ్చాడు.

తిరిగొచ్చి లింకు తీసేశాను.
లైబ్రరీతో పాటే పుట్టిన హెడర్లని
సీడీలోంచి తీసి వాటి చోట వాటిని పెట్టాను.
తారీఖు చూస్తే రెండేళ్ల నాటివి.
చెయ్యి ఒక్క క్షణం ఆగింది, అబద్ధమెందుకు.

పేరడిగాను.
పేరే చెప్పింది.

కొత్త కెర్నల్ సోర్స్ దాని డైరెక్టరీలో అది
ఎవరి జోలికీ పోకుండా ఉంది.
ఎస్సార్ నగర్ వైపు ఆఖరి బస్సు వెళ్లిపోయింది.
బకెట్ అంచుదాకా నిండి ఉంటే
పారబోయడానికి లేచాను.