ఖాళీ కాటా

ముప్ఫై ఒక్క చలికాలాలు ఈ రేవులో చేపను తూచాను.
నార్వేకు ఉత్తరాన, ఏడాదిలో నెలరోజులు
సూర్యుడు ముఖం చాటేసే దీవి మాది.
వేళ్ళు కొయ్యబారినా
కళ్ళు మాత్రం ముల్లు మీదే ఉండేవి.
రాగ్న్‌ఫ్రిడ్ చెప్పిందంటే తూకమే అనేవారు.
నేనూ అలాగే అనుకునేదాన్ని.

తోర్లైఫ్ ఒక్కడే వాదించేవాడు.
"పడవలో తూచాను, నలభై రెండు."
"ఇక్కడ నలభై ఒకటి."
ఇంకోసారి చూడమనేవాడు. చూసేదాన్ని.
నలభై ఒకటే.
వెనక వరసలోవాళ్ళు బూట్లు నేలకేసి కొట్టేవారు,
చలికో, విసుగుకో.
అతని నోట్లో సారా వాసన ఉండేది, అది నిజం.
ఆ వాసన పక్కన ఆ ఒక్క కిలోనూ పెట్టుకుని
మనిషి మొత్తాన్ని లెక్క కట్టేశాను.

చర్చిలో కానుకలు లెక్కపెట్టేదీ నేనే.
అందుకని నా మాటకి అక్కడా బరువుండేది.
అతన్ని రావద్దని ఎవరూ అనలేదు.
బెంచీ మీద కాస్త జరిగి చోటివ్వలేదు, అంతే.
ప్రభువు బల్ల దగ్గర
రొట్టె అతనిదాకా రాకముందే
మా చూపులు వెళ్ళేవి.
ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం మానేశాడు.
ఇక రాలేదు.
గాలివాన లేని ఆదివారం కూడా.

ఫిబ్రవరిలో తూనికల తనిఖీకి
పట్నం నుంచి ఒక కుర్రాడొచ్చాడు.
పదేళ్ళుగా ఎవరూ రాలేదు మా రేవుకి.
మఖమల్ పెట్టెలోంచి ఇత్తడి గుండు తీసి
పసిబిడ్డను పడుకోబెట్టినట్టు కాటా మీద పెట్టాడు.
ఇరవై కిలోల గుండు.
ముల్లు పంతొమ్మిదిన్నర దగ్గర ఆగింది.
"ఇంకోసారి చూడు" అన్నాను.
అన్నాక
ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది.

పళ్ళెం ఎత్తి చూపించాడు.
అడుగున ఉప్పు రాయిలా పేరుకుని,
దానికి అతుక్కుని ఏళ్ళనాటి పొలుసులు.
ఎవరూ మోసం చేయలేదు.
నేను ఏనాడూ
అడుగున తుడవలేదు.

అందరి పెట్టెలూ తగ్గే ఉంటాయన్నమాట.
నోరు విప్పినవాడు అతనొక్కడే.

సాయంత్రం వాళ్ళింటికెళ్ళాను.
గేలాలు సరిచేసుకుంటున్నాడు,
కూర్చోమనలేదు.
దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలు
గుమ్మంలోనే మంచులా కరిగి జారిపోయాయి.
"కాటా తప్పు" అన్నాను.
కాసేపటికి, "నేను కూడా" అన్నాను.

గేలం మీంచి తల ఎత్తకుండా అన్నాడు:
"రెండుసార్లు పెట్టెల అడుగున మంచు దాచాను, రాగ్న్‌ఫ్రిడ్.
పోయినదాన్ని అలా రాబట్టుకుందామని.
ఆ రెండుసార్లూ నువ్వు పట్టుకోలేదు."

నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.
క్షమాపణ అడగడానికొచ్చి
క్షమించాల్సిన బాకీ ఒకటి
చేతిలో పట్టుకుని నిలబడ్డాను.
అతను నిర్దోషి అయ్యుంటే
ఎంత సులువుగా ఉండేది!
అప్పుడే తోచింది:
నేను వచ్చింది కూడా
ఇంకో తీర్పు చెప్పడానికే.

కాఫీ పోశాడు. చేదుగా ఉంది. తాగాను.

ఆదివారం అతను రాలేదు.
ఆ పైవారమూ రాలేదు.
బెంచీ మీద నా పక్కన కోటు పెట్టడం మానేశాను,
ఆ చోటు ఖాళీగానే ఉంది.
మా పాస్టరు ఈ సంగతి మీద ప్రసంగిస్తానంటే
వద్దని బతిమాలాను.

ఇప్పుడు రోజూ తెల్లవారుజామున,
పడవలు ఇంకా దీపాల చుక్కలుగా ఉన్నప్పుడే
రేవుకొస్తాను.
పళ్ళెం ఎత్తి వేడినీళ్ళతో కడుగుతాను.
ఏమీ పెట్టకుండా
ముల్లు వైపు చూస్తూ నిలబడతాను.
మనుషుల్ని కొలిచే చేతికి
అదే కొలత తిరిగొస్తుందని
చిన్నప్పుడే వల్లె వేసినదాన్ని.
అప్పుడది బెదిరింపులా వినిపించేది.

ముల్లు వణుకుతుంది,
సముద్రపు గాలికి.
సున్నా దగ్గర నిలిచేదాకా
ఎవరి పెట్టెనీ ముట్టుకోను.