ఒక మూర ఎక్కువ

మొగల్తూరు దాటాక, ఉప్పుటేరు వాసన మొదలయ్యే చోట
పదకొండో నంబరు చెరువు గట్టు మీద
మేత బస్తాకి ఆనించిన ఒక ఫోను.
దాని ముందు ఏడుగురం.
ఇండియాకీ బంగ్లాదేశ్‌కీ ఫుట్‌బాల్.

మాలో ఎవరికీ ఆ ఆట పెద్దగా పట్టదు.
సత్తిపండుకి ఆఫ్‌సైడంటే క్రికెట్‌లోదే తెలుసు.
నేనొక్కణ్ణే, నర్సాపురంలో చదివిన రెండేళ్ళూ
హాస్టలు జట్టుకి లెఫ్ట్ బ్యాక్‌ని.
ముసురు పడితే ఎడమ మోకాలు ఇప్పటికీ గుర్తుచేస్తుంది.
అయినా ఆ రాత్రి అందరం కూచున్నాం,
కళ్ళు సగం తెర మీద, సగం సాహెబుల్ మీద.

ముర్షిదాబాద్ అని చెప్పాడు, వచ్చినప్పుడు.
మేత చల్లితే ముగ్గు వేసినట్టుండేది.
మూణ్ణెల్లు ఎవరూ ఏమీ అడగలేదు.
పోయిన మంగళవారం జీపొచ్చింది.
కార్డు చూశారు, కార్డు వెనక చూశారు,
ఫోన్లో పాటలు పెట్టించి విన్నారు.
"నీళ్ళని ఏమంటార్రా మీ ఇంట్లో?"
నాలుగు వైపులా నీళ్ళున్న గట్టు మీద నిలబడి
అతను చాలాసేపు ఏమీ అనలేదు.
జీపు వెళ్ళిపోయింది.
టైరు జాడ మాత్రం ఒండ్రులో ఎండి గట్టిపడింది.

ఒకసారి వలకి ముడేస్తూ, వచ్చీరాని తెలుగులో చెప్పాడు:
వాళ్ళ ఊరి ఆటస్థలాన్ని పద్మ కోసేసిందట,
మన లంకల్ని గోదారి కోసినట్టే.
ముందు మామిడితోట, తర్వాత బడి గోడ,
ఆఖర్న ఒక గోల్‌పోస్టు.
మూడేళ్ళకి అవతలొడ్డున మేట వేసింది.
ఆ ఇసక మీద ఇప్పుడు వేరే జెండా పిల్లలు ఆడతారట.
"మా మట్టే," అన్నాడు.
వెంటనే చుట్టూ చూసి, నవ్వేశాడు.

ముప్పై ఒకటో నిమిషంలో వాళ్ళు గోల్ కొట్టారు.
మేం ఆరుగురం ఒక్కసారే అతని మొహంలోకి.
అతను కాలి బొటనవేలి మీది సున్నం గీక్కుంటున్నాడు.
"చూశావా, పెదవి కదిలింది," ఏసుపాదం గుసగుస.
నాకూ కదిలినట్టే అనిపించింది.
అనిపించాలని చూశాను మరి.

సెకండాఫ్‌లో మనవాళ్ళు సమం చేశారు.
సాహెబుల్ లేచాడు.
మాకంటే ముందు, మాకంటే గట్టిగా అరిచి
గాల్లోకి ఎగిరాడు,
అవసరమైనదానికంటే ఒక మూర ఎక్కువ.
దిగేటప్పుడు గట్టు అంచు విరిగి
మోకాలిదాకా చెరువులో పడ్డాడు.
అందరూ నవ్వారు. వీపు తట్టారు. బీడీ ఇచ్చారు.
పాసయ్యాడు.
నేను ఆ మూరెడు ఎత్తు దగ్గరే ఆగిపోయాను.
నా దేశం కోసం నేనెప్పుడైనా అంత ఎగిరానా?
నన్నెవడైనా ఎగరమన్నాడా?

ఇంకో పది నిమిషాలుందనగా కరెంటు పోయింది.
ఏరేటర్లు ఒక్కొక్కటే చల్లబడ్డాయి.
నలభై ఎకరాల రొయ్యకి ఊపిరి ఎంతసేపని?
అందరికంటే ముందు పరిగెత్తిందెవరో చెప్పక్కర్లేదు.
జనరేటరు తిప్పుతూ తన భాషలో ఏదో అన్నాడు,
తిట్టో, దణ్ణమో.
ఈసారి నేను చెవి ఒగ్గలేదు.
నీళ్ళు మళ్ళీ తెల్లగా నురగ కట్టాయి.

ఫోను బస్తా మీంచి జారి బురదలో పడుంది, ఇంకా వెలుగుతూ.
దాన్ని తుడిచి తెచ్చింది అతనే.
తెల్లారాక, టీ గ్లాసుల దగ్గర, సత్తిపండు అడిగాడు:
"ఇంతకీ ఎవరు గెలిచార్రా?"

సాహెబుల్ నోరు తెరిచాడు.
చెప్పేముందు
మా ఆరుగురి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు.